ఇంట నిలిచినవారి రామాయణము

రామాయణమును మనము ధర్మగ్రంథముగా పఠింతుము, కావ్యముగా ఆనందింతుము. అది గొప్ప సాహసగాథయు నగును. రాకుమారుడు రాజ్యము విడిచి అడవికి పోవుట, భార్య అపహరింపబడుట, వానరసేనను కూర్చుకొని కడలిపై వారధి కట్టుట, పదితలల రక్కసుని కూల్చుట — ఇంతకు మించిన సాహసగాథ లోకమున అరుదు. అయితే ఇట్టి గాథలన్నిటికిని ఒక అలవాటు కలదు. కథ వీరుని వెంట నడచును. అతడు విడిచిపోయిన ఇంటిలో ఏమి జరుగుచున్నదో వెనుదిరిగి చూడదు.

పాత కథను నాయిక కన్నులతో మరల చెప్పుట నేటి రచయితల కల్పనయని పలువురు తలంతురు. కెనడా రచయిత్రి మార్గరెట్ ఆట్‌వుడ్ 2005లో గ్రీకుల ఒడిస్సీ గాథను వీరుని భార్యయైన పెనెలోపి నోట చెప్పించినప్పుడు లోకము మెచ్చుకొన్నది. మన తెలుగు స్త్రీలు ఆ పనిని అంతకు ఎంతో ముందే, కాగితమును కలమును లేకయే, పాటలలో చేసియుండిరి. హైదరాబాదులోని ఆంధ్ర సారస్వత పరిషత్తు 1955లో ‘స్త్రీల రామాయణపు పాటలు’ అను సంపుటమును ప్రకటించినది. ఆ పాటలపై వెల్చేరు నారాయణరావుగారు వ్రాసిన వ్యాసము 1991లో వెలువడి, ఇతర దేశముల పండితుల దృష్టిని సైతము వానివైపు మరల్చినది.

ఆ పాటలలో ‘ఊర్మిళాదేవి నిద్ర’ ప్రసిద్ధమైనది. వాల్మీకి కావ్యమున ఊర్మిళ పేరు వివాహవేళ వినబడి, ఆపై దాదాపు మరుగున పడును. పాటలో అట్లు కాదు. వెంట వత్తునన్న ఊర్మిళను లక్ష్మణుడు కాదని పోవును. ఆమె పదునాలుగేండ్లు నిద్రలో మునుగును. అతడు అడవిలో అన్నేండ్లు మేలుకొని కావలి కాయును. యుద్ధము ముగిసి పట్టాభిషేకమైన పిమ్మట, ఊర్మిళను గూర్చి రామునికి గుర్తు చేయునది సీతయే. లక్ష్మణుడు శయనాగారమున ప్రవేశింపగా, ఊర్మిళ అతనిని గుర్తింపక, ఎవడో పరపురుషుడని భయపడి, పరస్త్రీని కోరి చెడిన ఇంద్రుని, రావణుని తలచి హెచ్చరించును. లంకను గెలిచి వచ్చిన వీరుడు తన ఇంటి గడపలో తానెవరో చెప్పుకొనవలసి వచ్చినది! పదునాలుగేండ్ల ఎడబాటునకు మూల్యమెంతయో దీనికంటె సూటిగా చెప్పుట కష్టము.

మరియొక పాటలో శూర్పణఖ సన్యాసిని వేషమున అయోధ్యకు వచ్చి, రావణుని చిత్రమును గీసి చూపుమని సీతను అడుగును. సీత వాని ముఖమును ఏనాడును చూచి యెరుగదు. చూచినది కాలి బొటనవ్రేలు మాత్రమే. ఆ వ్రేలినే గీయును. శూర్పణఖ తక్కిన రూపమును పూరించి ప్రాణము పోయించును. ఆ బొమ్మ సీతను వదలదు. రాముడు దానిని చూచి సీతను అడవికి పంపుమనును. అప్పుడు అంతఃపురపు స్త్రీలు సీత పక్షమున నిలుతురు. రచించినది స్త్రీయైనంత మాత్రమున కథ నాయికవైపు తిరుగదనుటకు మొల్ల రామాయణమే సాక్షి. పదునారవ శతాబ్దమునాటిదని చెప్పబడు ఆ కావ్యము పట్టాభిషేకముతో ముగియును; అందు యుద్ధకాండమే విస్తారము.

ఈ విషయమున మన ప్రాంతమునకును ఒక సంబంధము కలదు. హోసూరు చెంతనున్న తొరపల్లిలో 1878లో జన్మించిన రాజాజీ, తమిళమున ‘చక్రవర్తి తిరుమగన్’ పేర రామకథను వ్రాసి, 1958లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందిరి. వారు కథను పట్టాభిషేకముతో ఆపివేసి, ఉత్తరకాండను చెప్పుటకు తమ మనసు ఒప్పలేదనిరి. సీతను మరల అడవికి పంపిన వృత్తాంతము మన స్త్రీల దుఃఖమునుండియే పుట్టియుండునని వారి అభిప్రాయము. స్త్రీలు ఆ దుఃఖమును వట్టి కన్నీరుగా విడువక, దానితో కథనే మరల అల్లుకొనిరనుటకు మన పాటలు నిదర్శనములు.

ఓల్గా రచించిన ‘విముక్త’ కథలసంపుటి 2010లో వెలువడి, 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము పొందినది. అందు ఊర్మిళ నిద్రింపదు. ఏకాంతమున మేలుకొని, తన్ను తాను తరచి చూచుకొని, స్వతంత్రురాలగును. సీతయు శూర్పణఖయు శత్రువులుగా గాక స్నేహితులుగా కలిసికొందురు. పాతపాటలో నిద్రగానున్నది కొత్తకథలో మెలకువయైనది.

ఇక మన మాట. జూజువాడి దాటిన కన్నడ దేశము, ఇవతల తమిళనాడు. ఈ ఎల్లలో తరతరములుగా నిలిచిన మన కుటుంబములలో, ఇంట తెలుగు పలుకుచు, తెలుగు అక్షరము చదువలేని పిల్లలు పెరుగుచున్నారు. 2006లో తమిళనాడు ప్రభుత్వము చేసిన చట్టముచే, ఒకటవ తరగతి మొదలు పదవ తరగతి వరకు తమిళము క్రమముగా తప్పనిసరియైనది. అల్పసంఖ్యాక భాషల విద్యార్థులు న్యాయస్థానములకెక్కి సడలింపులు కోరవలసి వచ్చినది. తమిళము నేర్చుట మనకు కొరత కాదు, లాభమే. తెలుగును విడుచుటయే కొరత. లిపి తెలియని మన ఆడపిల్లకు ‘విముక్త’ అందదు, మొల్లయు అందదు. నాయనమ్మ పాడిన పాట మాత్రము అందును.

అట్లని నిశ్చింతగా నుండరాదు. వీరుని కథకు గ్రంథములు, ఆలయములు, నాటకములు, చలనచిత్రములు అండగా నున్నవి. అది ఎక్కడికిని పోదు. ఇంట నిలిచినవారి కథకు పాడువారి కంఠము తప్ప వేరు నెలవు లేదు. పాడు నాలుక మూగవోయిన నాడు ముందుగా పోవునది ఊర్మిళ కథయే.

కావున మన కుటుంబములకు మా విన్నపమిది. ఇంట పెద్దవారికి ఇట్టి పాటలు వచ్చునేమో అడుగుడు. తెలిసిన పాట తునకయే యైనను పాడించి, పిల్లలచేత వ్రాయింపుడు. లిపి రానివారు తమిళ అక్షరములలోనైనను వ్రాసికొనుడు. అక్షరము ఏదైనను పాట తెలుగే. పాఠములు వేరువేరుగా నున్నచో దిద్దకుడు. ఏ ఇంటి ఊర్మిళ ఏమన్నదో ఆ ఇంటివారు పాడినట్లే నిలుపుదము.