పార్టిషన్: ఆస్తి నుంచి డిస్కు దాకా

భాగమనే అర్థమిచ్చే లాటిన్ 'పార్స్' మూలంగా ఏర్పడి, ఇంగ్లీషు ద్వారా తెలుగులోకి వచ్చిన 'పార్టిషన్' అనే మాట, ఉమ్మడి ఆస్తి పంపకాల దావాలతో కోర్టు వ్యవహారంలో స్థిరపడి, కంప్యూటర్లు వచ్చాక హార్డ్ డిస్కులోని విడి విభాగానికీ పేరయింది. 1983లో వెలువడిన పీసీ డాస్ 2.0లోని ఎఫ్‌డిస్క్ అనే ఉపకరణం ఈ వాడుకను వ్యక్తిగత కంప్యూటర్లలో పాదుకొల్పింది. డిస్కులోని మొదటి సెక్టారులో, అంటే 512 బైట్ల తొలి నిల్వ ప్రమాణంలో, 64 బైట్లను విభాగాల పట్టికకు కేటాయించి, ప్రతి విభాగం ఎక్కడ మొదలై ఎంతమేర ఉంటుందో 16 బైట్లలో నమోదు చేసేవారు గనుక, నాలుగు ప్రధాన విభాగాలకే అందులో చోటుండేది. తరువాత వచ్చిన జీపీటీ అనే విభాగాల పట్టిక పద్ధతిలో ఆ సంఖ్య సాధారణంగా 128.

ఇంగ్లీషులో చర్యకూ, దాని ఫలితానికీ ఒకటే మాట; తెలుగులో చర్యను 'విభజన' అనీ, ఏర్పడిన భాగాన్ని 'విభాగం' అనీ వేరుచేసి చెప్పగలగడం నిజమైన సౌలభ్యం, పాఠ్యపుస్తకాలు దీనిని పాటించాలి. ఇక ఆచరణకు వస్తే, ఇప్పటికే నిండుగా వాడుకలో ఉన్న ఇంటి కంప్యూటరు డిస్కును విభజించదలచినవారు, పాత విభాగాన్ని కుదించి ఖాళీ స్థలాన్ని విడిపించేముందు, ఫైళ్ల నకలును మరో డిస్కులో తప్పక భద్రపరచుకోవాలి.