ధాన్యము చవుక, చదువు ప్రియము

ధరలు పడిపోయిన కాలమును గూర్చి మన యిండ్లలో పెద్దలు చెప్పుకొనగా మనము వినియున్నాము. 1929 అక్టోబరులో న్యూయార్కు షేర్ల బజారు కూలినప్పుడు కృష్ణా గోదావరి డెల్టాలలో ఆ వార్తను పట్టించుకొన్నవారు బహుశః కొద్దిమందియే. రెండు మూడేండ్లు తిరుగునప్పటికి దాని సెగ ప్రతి గాదెను తాకెను. ధాన్యపు ధర దాదాపు సగమునకు దిగెను. శిస్తు దిగలేదు. పైగా ఆ సమయముననే రీసెటిల్మెంటు పేర దానిని పెంచు యత్నము జరుగగా, రైతులు సభలు చేసి ఎదిరించిరి.

రైతు రాబడి బస్తాలలో నుండును; హైస్కూలు ఫీజు రూపాయలలో కట్టవలెను. ఒక బస్తాతో తీరిన ఫీజునకు ఇప్పుడు రెండు బస్తాలు కావలసివచ్చెను. ఇద్దరు కొడుకులున్న యింట ఒకడు పుస్తకము పట్టిన, రెండవవాడు ములుగర్ర పట్టవలసినదే. ఆడపిల్ల చదువు ప్రసక్తి అసలే రాదు. 1931 సెప్టెంబరులో బ్రిటను స్వర్ణప్రమాణమును వదలిన పిమ్మట బంగారపు ధర హెచ్చి, మన దేశపు బంగారము విస్తారముగా ఓడలకెక్కెను. అందులో పల్లెటూరి ఇల్లాండ్ర నానుత్రాళ్లు, కాసులపేరులు ఎన్ని యుండెనో! శిస్తునకు, వడ్డీకి పోగా మిగిలినదే చదువునకు.

ఇందొక వింత యున్నది. నెలజీతము గల తపాలా గుమాస్తాకు ఈ మాంద్యము కొంత మేలే చేసెను. 1931 చివర కేంద్రప్రభుత్వము జీతములలో పదవవంతు కోసినను, బియ్యము అంతకన్న ఎక్కువగా చవుకయ్యెను. ఆ యింటి పిల్లవాడు బడి మానలేదు, బి.ఏ. ముగించిన అన్నకు ఉద్యోగము దొరకకపోవుటయే అచ్చటి దిగులు.

కూలివాని పిల్లల మాట వేరు. 1929 నాటి హార్టాగ్ సంఘము చెప్పిన లెక్క యిది: 1922-23లో ఒకటవ తరగతిలోనున్న నూర్గురిలో 1925-26 నాటికి నాలుగవ తరగతిలో కనిపించినవారు పదునెనిమిదిమందే. మాంద్యమునకు ముందటి స్థితియే అది. పశువులు కాయు పిల్లవానికి మాన్పించుటకు చదువేది? రంగూను రేవులలో మూటలు మోసి యింటికి డబ్బు పంపుచుండిన మన తీరప్రాంతపువారు, 1930 మే నెల అల్లర్ల తరువాత పలువురు తిరిగివచ్చిరి. ఆ మనియార్డరు ఆగిన యింట పలకకొరకు ఎవరిని అడుగుదురు?

1938లో మదరాసు ప్రభుత్వము వ్యవసాయదారుల ఋణవిముక్తి చట్టము చేసి అప్పుల భారము తగ్గించెను. 1932లో పదవయేట బడి మానిన బాలునకు అప్పటికి పదునారేండ్లు. మీసములు మొలిచి, అరక దున్నుచుండెను.