డోర్నకల్ మీదుగా పోయేవాళ్లకు

ఉప్పల్, నాచారం హాస్టళ్ల నుంచి సెలవులకు మణుగూరు రైలెక్కితే మనం డోర్నకల్ మీదుగానే పోతాం. మిషన్ అంటే తెల్లదొరల పైసలే అనుకుంటాం గానీ, అక్కడి కథ వేరు.

1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు సొంత మిషనరీ సంఘం పెట్టుకున్నారు. పనిచేసే మనుషులు, ఖర్చుపెట్టే పైసలు రెండూ ఈ దేశానివే కావాలన్నది వాళ్ల పట్టు. మద్రాసు ప్రెసిడెన్సీ దాటి నిజాం ఇలాకాకు వచ్చి, తెలుగు నేర్చుకొని బడులు పెట్టారు. వాళ్లలో వి.ఎస్. అజరయ్య 1912లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సభలో మొదటి భారతీయ బిషప్ ఆయనే.

చేరినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. ఆ ఇండ్లల్ల ఆడవాళ్లు వండే ముందు పిడికెడు బియ్యం చర్చికని పక్కన పెట్టేవాళ్లు. గూడెంలో ట్యూషన్ పెట్టాలంటే మనం మాత్రం ముందు దాతల కోసమే వెతుకుతున్నాం.

1939లో ప్రతిష్ఠించిన పెద్ద చర్చికి మసీదు లాంటి గుమ్మటాలు, దేవాలయం లాంటి స్తంభాలు ఉంటాయి. ఈసారి దిగి చూద్దాం.