మావోరీ వృద్ధులు, వయసు లెక్కలు

న్యూజీలాండ్ పార్లమెంటు 1898లో వృద్ధాప్య పింఛను చట్టం తెచ్చింది. 65 ఏళ్లు నిండి, దేశంలో 25 ఏళ్లు నివసించి, ఆస్తీ ఆదాయమూ తక్కువగా ఉన్న సత్ప్రవర్తన గల పేదలకు ఏడాదికి 18 పౌన్ల వరకు ఇచ్చేవారు. చైనీయులు, ఇతర ఆసియావాసులు ఆ దేశ పౌరసత్వం పొందినవారైనా సరే అనర్హులని చట్టంలోనే రాశారు. ఆ నిషేధం 1936 దాకా తొలగలేదు. ఆ దేశపు ఆదివాసులైన మావోరీలకు అలాంటి నిషేధం లేదు గాని, పింఛను చేతికి అందడం మాత్రం కష్టమైంది.

దరఖాస్తుదారు మేజిస్ట్రేటు ముందు, బహిరంగ విచారణలో తన వయసు రుజువు చేసుకోవాలి. 1898లో 65 నిండాయంటే ఆ మనిషి 1833 నాటికే పుట్టి ఉండాలి. బ్రిటిష్ రాణి ప్రతినిధులకూ మావోరీ నాయకులకూ మధ్య వైతంగి ఒప్పందం జరిగిందే 1840లో. మావోరీల జననాల నమోదు తప్పనిసరి అయింది 1913లో. అంటే తాను ఇంకా ఏర్పడని కాలానికి చెందిన పుట్టుక పత్రాన్ని ప్రభుత్వం ఆ ముసలివారిని అడిగింది. రెండో చిక్కు భూమి. మావోరీల భూమి వంశానికి ఉమ్మడిది. 1865లో ఏర్పడిన నేటివ్ ల్యాండ్ కోర్టు దాన్ని వ్యక్తుల పేర్ల మీద వాటాలుగా రాసింది. పైసా రాబడి లేని వాటా కూడా పింఛను విచారణలో ఆస్తి కిందకు వచ్చేది. అలా కొందరికి పింఛను కోసేశారు, కొందరికి అసలు ఇవ్వలేదు.

అదే కాలంలో పండితులు మావోరీ పెద్దల ఇళ్లు వెతుక్కుంటూ వెళ్లారు. 1896 జనగణనలో మావోరీల సంఖ్య సుమారు 42 వేలకు పడిపోయింది, ఈ జాతి అంతరించిపోతుందన్న నమ్మకం బలంగా ఉండేది. అందుకే పెద్దలు కన్నుమూసేలోగా వంశావళులు, మంత్రాలు, పురాగాథలు రాసిపెట్టుకోవాలన్న ఆత్రం. ఉరెవెరా కొండల్లో ఎల్స్‌డన్ బెస్ట్ అనే పరిశోధకుడికి తూహోయ్ తెగ పెద్ద తుతాకంగాహావు ఏళ్ల తరబడి విద్య చెప్పాడు. బెస్ట్ రాసిన తూహోయ్ చరిత్ర 1925లో అచ్చయింది, నేటికీ విలువైన గ్రంథమే. కానీ ఆ తరం పరిశోధనలో పెద్దలు పాతకాలపు సమాచారం దాచిన భోషాణాలుగానే మిగిలారు. వారికి పూట ఎలా గడుస్తోంది, మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి, పోయిన భూమి గురించి ఏమనుకుంటున్నారు అన్నవి పరిశోధనాంశాలే కాలేదు.

మావోరీ ఎవరన్నది కూడా బయటివారే తేల్చారు. జనగణనలో రక్తంలో ఎన్నో వంతు మావోరీ అని లెక్క కట్టేవారు. సగానికి తగ్గితే లెక్కలోంచి జారిపోయినట్టే. 1974లో చట్టం ఈ వంతుల నిర్వచనాన్ని వదిలేసింది. 1986 జనగణన మనిషి తాను ఏ జాతికి చెందుతానని చెబితే అదే రాసుకుంది.

ఈలోగా ఊళ్లు మారిపోయాయి. 1945లో మావోరీల్లో సుమారు నాలుగో వంతు మంది పట్టణాల్లో ఉంటే, 1980ల నాటికి అయిదింట నాలుగు వంతులు అక్కడే ఉన్నారు. భాష పిల్లలకు అందడం తగ్గిపోయింది. 1982లో మొదలైన కోహంగ రెయో శిశుపాఠశాలల్లో మావోరీలో పాఠం చెప్పగలిగినవారు ఎక్కువగా అవ్వాతాతలే. ముసలివారు సమాజానికి భారం అన్న వాదనకు ఇంతకంటే గట్టి జవాబు అక్కర్లేదు.

ఆ దశాబ్దంలోనే వైద్యుడు మేసన్ డ్యూరీ ఆరోగ్యాన్ని దేహం, మనసు, ఆత్మ, కుటుంబం అనే నాలుగు గోడల ఇల్లుగా వివరించాడు. 1999లో లిండా తుహివాయ్ స్మిత్ పరిశోధనా పద్ధతుల వలసపాలన మూలాలపై పుస్తకం రాసింది. ప్రశ్న ఎవరిది, జవాబు ఎవరి సొత్తు, ఫలితం ఎవరికి అని ఆమె వేసిన ప్రశ్నలు మావోరీల దగ్గరే ఆగలేదు, అనేక దేశాల ఆదివాసీ పరిశోధకులకు దారి చూపాయి.

అలాంటి ప్రశ్నలను వృద్ధాప్య అధ్యయనంలో ఆచరణలో పెట్టిన ప్రయత్నం 2010లో బే ఆఫ్ ప్లెంటీ, రోటొరువా ప్రాంతాల్లో మొదలైంది. నైరీ కర్స్ నాయకత్వంలోని ఈ దీర్ఘకాల అధ్యయనానికి ఇంగ్లీషు పేరుతో పాటు మావోరీ పేరూ ఉంది. ఇతరుల్లో 85 ఏళ్లవారిని తీసుకుని, మావోరీల్లో మాత్రం 80 నుంచి 90 దాకా తీసుకున్నారు. కారణం స్పష్టం: మావోరీల ఆయుర్దాయం ఇతరులకంటే దాదాపు ఏడేళ్లు తక్కువ. ఒక్క 85 దగ్గరే గీత గీస్తే లెక్కకు సరిపడా మావోరీలు దొరకరు, పోలికే నిలబడదు. అలా 421 మంది మావోరీలు, 516 మంది ఇతరులు చేరారు. ఆచారాల పరిరక్షణకు మావోరీ పెద్దల సంఘం ఒకటి పరిశోధకులకు మార్గదర్శకంగా నిలిచింది. మావోరీలో మాట్లాడాలనుకున్నవారితో మావోరీలోనే మాట్లాడారు. రక్తపోటు, మందులు, నడకతో పాటు మరాయెకు, అంటే వంశపు సభాస్థలికి, ఎంత తరచుగా వెళతారు, భాష ఎంత వచ్చు, వివక్ష ఎదురైందా అనీ అడిగారు.

తమ భాషలో, ఆచారాల్లో నిమగ్నమై ఉన్న వృద్ధుల జీవన నాణ్యత మెరుగ్గా ఉందని ఆ జవాబులు చూపాయి. వయసును రోగాల జాబితాగా మాత్రమే చూసే ప్రశ్నావళికి ఈ సంగతి ఎన్నటికీ అందేది కాదు.