మందగించిన ల్యాప్‌టాప్ కంప్యూటరు వేగాన్ని పునరుద్ధరించడం

ల్యాప్‌టాప్ కంప్యూటరు వేగాన్ని పునరుద్ధరించడం అనగా కొంతకాలం వాడిన తరువాత మందగించిన ల్యాప్‌టాప్‌ను తిరిగి సక్రమంగా పనిచేసే స్థితికి తెచ్చే పనుల సముదాయం. అనవసరమైన ఫైళ్ళను, ప్రోగ్రాములను తొలగించడం, కంప్యూటరుతో పాటు వాటంతట అవే మొదలయ్యే ప్రోగ్రాములను తగ్గించడం, హానికర సాఫ్టువేరును ఏరివేయడం, లోపల పేరుకున్న దుమ్మును తీయడం, ర్యామ్, డిస్కు వంటి భాగాలను మార్చడం ఇందులోకి వస్తాయి. ప్రాసెసరు వేగం సాధారణంగా వాడకం వలన తరిగిపోదు. దానిపై పడే పని, దానికి సమాచారం అందే తీరు, దాని ఉష్ణోగ్రత మాత్రం మారుతూ ఉంటాయి. కావున పని ఏ భాగం వద్ద ఆగుతున్నదో ముందుగా గుర్తించడమే ఇందులో ముఖ్యమైన అంశం. కారణం తెలియకుండా చేసే శుభ్రత వలన ఫలితం స్వల్పం. ఒక్కొక్కసారి ముఖ్యమైన ఫైళ్ళను పోగొట్టుకొనే ప్రమాదం కూడా ఉంది.

నేపథ్యం

కంప్యూటరులో లెక్కలు చేసేది ప్రాసెసరు. ప్రస్తుతం వాడుకలో ఉన్న సమాచారం ర్యామ్‌లోను, మిగిలినదంతా డిస్కులోను ఉంటుంది. వంటగట్టు మీద ఉన్న డబ్బాను అందుకోవడానికి, నిచ్చెన వేసుకొని అటక మీది డబ్బాను దించడానికి ఎంత తేడా ఉన్నదో ర్యామ్‌కు, డిస్కుకు మధ్య అంతకంటే చాలా ఎక్కువ తేడా ఉంది.

ర్యామ్ నుండి సమాచారం అందడానికి సుమారు 100 నానోసెకండ్లు పడుతుంది. పాత ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించే హార్డు డిస్కు నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 11.1 మిల్లీసెకండ్లు. కావలసిన సమాచారం ఉన్న చోటు చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు, అనగా 5.6 మిల్లీసెకండ్లు వేచి ఉండాలి. ముల్లు ఒక చోటి నుండి మరొక చోటికి కదిలే కాలాన్ని కూడా కలిపితే మొత్తం 10 మిల్లీసెకండ్లు దాటుతుంది. ఇది ర్యామ్ తీసుకొనే కాలానికి లక్ష రెట్లకు పైమాటే. తిరిగే భాగాలు లేని సాలిడ్ స్టేట్ డ్రైవు (ఎస్.ఎస్.డి.) ఇదే పనిని సుమారు 0.1 మిల్లీసెకండులో చేస్తుంది. ల్యాప్‌టాప్ మందగించడానికి గల కారణాలలో చాలావాటికి మూలం ఈ తేడాలోనే ఉంది.

కారణాన్ని గుర్తించడం

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజరు తెరుచుకుంటుంది. ప్రాసెసరు, మెమొరీ, డిస్కు ఎంతెంత శాతం వాడుకలో ఉన్నాయో, ఏ ప్రోగ్రాము ఎంత వాడుకుంటున్నదో ఇందులో చూడవచ్చు. మాక్ కంప్యూటర్లలో యాక్టివిటీ మానిటర్, లినక్స్‌లో సిస్టం మానిటర్ ఇదే పని చేస్తాయి. కంప్యూటరు నెమ్మదిగా ఉన్న సమయంలోనే వీటిని పరిశీలించాలి.

* మెమొరీ వాడకం 90 శాతం దాటి, డిస్కు కూడా నిరంతరం పనిచేస్తూ ఉంటే ర్యామ్ చాలడం లేదని భావించవచ్చు.
* మెమొరీ ఖాళీగా ఉన్నా డిస్కు 100 శాతం వద్ద చాలాసేపు నిలిచి ఉంటే ఏదో ఒక ప్రోగ్రాము తాజీకరణ గాని, వైరస్ తనిఖీ గాని జరుగుతూ ఉండవచ్చు. లేదా డిస్కు పాడవుతూ ఉండవచ్చు.
* ఏ పనీ చేయకున్నా ప్రాసెసరు వాడకం ఎక్కువగా ఉంటే, దానికి కారణమైన ప్రోగ్రాము పేరు జాబితాలో పైన కనిపిస్తుంది.
* ఫ్యాను పెద్ద శబ్దంతో తిరుగుతూ, అడుగుభాగం వేడెక్కిన కొద్ది నిమిషాలకు వేగం తగ్గితే కారణం వేడి కావచ్చు.
* అన్నీ తక్కువగానే ఉండి, వెబ్ పేజీలు మాత్రమే ఆలస్యంగా తెరుచుకుంటూ ఉంటే లోపం అంతర్జాల సంధానంలో ఉన్నట్లు. దానికి ల్యాప్‌టాప్‌ను శుభ్రపరచి ప్రయోజనం లేదు.

మీట నొక్కినప్పటి నుండి కంప్యూటరు పనికి సిద్ధమయ్యే వరకు పట్టే కాలాన్ని ముందుగా గడియారం చూసి వ్రాసుకోవడం మంచిది. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి, మరల కాలాన్ని చూస్తే దేని వలన ఫలితం కలిగిందో తెలుస్తుంది.

ముందు జాగ్రత్తలు

ఏ పని మొదలుపెట్టే ముందైనా ఫోటోలు, పత్రాలు, ప్రాజెక్టు నివేదికలు మొదలైన వాటి నకలును వేరొక డిస్కులో భద్రపరచాలి. కంప్యూటరును మరల కొనవచ్చు గాని అందులోని కుటుంబ చిత్రాలను కొనలేము. హార్డు డిస్కు నుండి టక్ టక్ మనే శబ్దం వచ్చినా, ఫైళ్ళు తెరవబోతే తరచుగా దోష సందేశాలు వచ్చినా డిస్కు పాడవుతున్నదని అనుమానించాలి. అటువంటి డిస్కుపై శుభ్రపరచే పనులు చేయడం వలన దానిపై ఒత్తిడి పెరిగి, ఉన్న సమాచారం కూడా పోవచ్చు. అప్పుడు చేయవలసిన మొదటి పని నకలు తీసుకోవడమే.

ర్యామ్ కొరత

తెరిచిన ప్రోగ్రాములకు ర్యామ్ చాలనప్పుడు నిర్వహణ వ్యవస్థ కొంత సమాచారాన్ని డిస్కుకు పంపి, అవసరమైనప్పుడు వెనుకకు తెచ్చుకుంటుంది. దీనిని వర్చువల్ మెమొరీ అంటారు. కొరత మరీ ఎక్కువైతే కంప్యూటరు అసలు పని మాని సమాచారాన్ని అటూ ఇటూ మోయడంలోనే కాలం గడుపుతుంది. ఈ స్థితిని త్రాషింగ్ అంటారు. దీనికి గల కారణాలను, నివారణను అమెరికా కంప్యూటరు శాస్త్రవేత్త పీటర్ డెనింగ్ 1968లో ఒక పరిశోధనా పత్రంలో వివరించాడు.

నేటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను ఎక్కువగా వాడుకొనే ప్రోగ్రాములలో బ్రౌజరు ఒకటి. 2008లో విడుదలైన గూగుల్ క్రోమ్ వెబ్ పేజీలను వేర్వేరు ప్రక్రియలుగా నడిపే పద్ధతిని ప్రాచుర్యంలోకి తెచ్చింది. దీని వలన ఒక పేజీ చెడిపోయినా మిగిలినవి నిలుస్తాయి గాని ర్యామ్ వాడకం పెరుగుతుంది. అవసరం లేని పేజీలను మూసివేయడం, బ్రౌజరుకు తగిలించిన పొడిగింపులను తగ్గించడం దీనికి ఖర్చు లేని ఉపాయాలు.

డిస్కు

డిస్కు దాదాపుగా నిండిపోతే తాజీకరణలకు, వర్చువల్ మెమొరీకి చోటు ఉండదు. ఎస్.ఎస్.డి.లో కొత్త సమాచారం వ్రాసే వేగం కూడా తగ్గుతుంది. విండోస్‌లోని డిస్క్ క్లీనప్, స్టోరేజ్ సెన్స్ అనే సాధనాలతో తాత్కాలిక ఫైళ్ళను తొలగించవచ్చు. స్టోరేజ్ సెన్స్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డరును ఖాళీ చేసే ఎంపిక కూడా ఉంది. చాలామంది తమ హాల్ టికెట్లను, ధ్రువపత్రాలను ఆ ఫోల్డరులోనే వదిలివేస్తారు కాబట్టి దానిని ఎంచుకొనే ముందు పరిశీలించుకోవాలి. డిస్కులో చాలినంత చోటు ఉన్నప్పుడు తాత్కాలిక ఫైళ్ళను తొలగించినంత మాత్రాన వేగం చెప్పుకోదగినంతగా పెరగదు.

హార్డు డిస్కులో ఒకే ఫైలు ముక్కలు ముక్కలుగా వేర్వేరు చోట్ల చేరితే ముల్లు అన్ని చోట్లకూ తిరగవలసి వస్తుంది. ఆ ముక్కలను ఒకచోటికి చేర్చడాన్ని డీఫ్రాగ్మెంటేషన్ అంటారు. ఎస్.ఎస్.డి.లో ముల్లు లేదు కాబట్టి సాధారణంగా ఈ పని అవసరం లేదు. పదే పదే చేస్తే వృథాగా వ్రాతలు పెరిగి దాని ఆయుష్షు కొంత తగ్గుతుంది. ఎస్.ఎస్.డి.కి కావలసినది, తొలగించిన ఫైళ్ళ చోటు ఖాళీ అయినదని దానికి తెలియజేసే ట్రిమ్ అనే ఆదేశం. 2009లో విడుదలైన విండోస్ 7 నుండి ఈ సదుపాయం ఉంది.

ప్రారంభ ప్రోగ్రాములు

కొన్ని ప్రోగ్రాములు స్థాపించినప్పుడే, కంప్యూటరు మొదలైన ప్రతిసారీ తామూ మొదలయ్యేలా ఏర్పాటు చేసుకుంటాయి. 2012లో వచ్చిన విండోస్ 8 నుండి టాస్క్ మేనేజరులోని స్టార్టప్ విభాగంలో వీటిని నిలిపివేయవచ్చు. నిలిపివేయడం అంటే తొలగించడం కాదు. ఆ ప్రోగ్రామును కావలసినప్పుడు తెరుచుకోవచ్చు. వైరస్ నిరోధక ప్రోగ్రామును, టచ్‌ప్యాడు, ధ్వని వంటి భాగాలను నడిపే ప్రోగ్రాములను మాత్రం అలాగే ఉంచాలి.

విండోస్ 8 నుండి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం వలన, షట్ డౌన్ చేసినప్పుడు నిర్వహణ వ్యవస్థలోని కొంత భాగం పూర్తిగా ముగియక డిస్కులో భద్రమవుతుంది. రీస్టార్ట్ చేసినప్పుడే అంతా మొదటి నుండి మొదలవుతుంది. రోజూ షట్ డౌన్ చేస్తున్నా తొలగని కొన్ని ఇబ్బందులు ఒక్క రీస్టార్ట్‌తో తొలగడానికి కారణం ఇదే.

హానికర సాఫ్టువేరు, శుభ్రపరిచే ప్రోగ్రాములు

వైరస్‌లు, ప్రకటనలను చొప్పించే ప్రోగ్రాములు, యజమానికి తెలియకుండా క్రిప్టో నాణేలను తవ్వే ప్రోగ్రాములు ప్రాసెసరును, ర్యామ్‌ను వాడుకొని కంప్యూటరును మందగింపజేస్తాయి. విండోస్ 8 నుండి వైరస్ నిరోధక ప్రోగ్రాము నిర్వహణ వ్యవస్థతో పాటే వస్తున్నది. ఎల్లప్పుడూ కాపలా కాసే వైరస్ నిరోధకాలను రెండింటిని ఒకేసారి నడిపితే అవి ఒకదానికొకటి అడ్డుపడి వేగం తగ్గుతుంది.

ఒక్క మీట నొక్కితే వేగం పెరుగుతుందని చెప్పుకొనే ప్రోగ్రాముల విషయంలో జాగ్రత్త అవసరం. వీటిలో కొన్ని రిజిస్ట్రీ అనే అమరికల పట్టికను శుభ్రపరుస్తామని చెబుతాయి. ఈ పట్టికలో మిగిలిపోయిన పాత నమోదులు వేగాన్ని తగ్గించడం చాలా అరుదు. పొరపాటున అవసరమైన నమోదు తొలగితే కంప్యూటరే తెరుచుకోకపోవచ్చు. ఇటువంటి ప్రోగ్రాముల వాడకాన్ని మైక్రోసాఫ్ట్ సమర్థించదు. పేరున్న ప్రోగ్రాములకూ ప్రమాదం తప్పలేదు. 2017లో సీక్లీనర్ అనే ప్రోగ్రాము యొక్క 5.33 సంచికలో దుండగులు హానికర భాగాన్ని చొప్పించగా, అది అధికారిక మార్గం ద్వారానే వాడుకరులకు చేరింది.

కంప్యూటరులో వందలాది దోషాలు ఉన్నాయని తెరపై హెచ్చరిక చూపి, ఒక ఫోను నంబరు ఇచ్చి, కంప్యూటరును దూరం నుండి తమ అధీనంలోకి తీసుకొని డబ్బు కాజేసే మోసాలు కూడా ఉన్నాయి. భారతదేశంలో ఇటువంటి ఆర్థిక మోసాలపై 1930 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు.

వేడి, దుమ్ము

ప్రాసెసరు ఉష్ణోగ్రత హద్దు మీరినప్పుడు అది తనను తాను కాపాడుకోవడానికి వేగాన్ని తగ్గించుకుంటుంది. చాలా ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు ఈ హద్దు 100 డిగ్రీల సెల్సియస్ పరిసరాలలో ఉంటుంది. వేడిని బయటికి పంపే లోహపు రేకుల మధ్య దుమ్ము అట్ట కట్టినా, ల్యాప్‌టాప్‌ను పరుపు మీదో దిండు మీదో పెట్టి గాలి మార్గాన్ని మూసినా ఈ స్థితి త్వరగా వస్తుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రాంతాలలో చల్లబరచడానికి లోపలికి పోయే గాలే వేడిగా ఉండడం వలన ఇబ్బంది మరింత ఎక్కువ.

దుమ్ము తీసేముందు కంప్యూటరును ఆపి, ఛార్జరును, వీలైతే బ్యాటరీని వేరుచేయాలి. గాలి ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలు విపరీతమైన వేగంతో తిరగకుండా పట్టి ఉంచాలి. తడిబట్ట వాడరాదు. టచ్‌ప్యాడు గాని, అడుగు మూత గాని పైకి ఉబ్బినట్లు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బినదని అనుమానించి వాడకాన్ని వెంటనే ఆపాలి. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గుచ్చడం వలన మంటలు రేగే ప్రమాదం ఉంది.

భాగాలను మార్చడం

హార్డు డిస్కు ఉన్న ల్యాప్‌టాప్‌లో దాని స్థానంలో ఎస్.ఎస్.డి.ని అమర్చడం సాధారణంగా అన్నింటికంటే ఎక్కువ ఫలితాన్నిచ్చే మార్పు. ర్యామ్ కొరత ఉన్నట్లు టాస్క్ మేనేజరులో తేలితే ర్యామ్ పెంచడం ఉపయోగకరం. కొరత లేనప్పుడు పెంచినా తేడా పెద్దగా కనిపించదు. పలుచని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను, చౌక రకాలలో డిస్కును కూడా ప్రధాన పలకకు శాశ్వతంగా అతికిస్తారు. కావున కొనే ముందు ఆ నమూనాలో మార్చుకొనే వీలు ఉన్నదో లేదో తెలుసుకోవాలి.

నిర్వహణ వ్యవస్థను తిరిగి స్థాపించడం

ఇతర మార్గాలు ఫలించనప్పుడు డిస్కును పూర్తిగా చెరిపి నిర్వహణ వ్యవస్థను తిరిగి స్థాపిస్తారు. పేరుకున్న ప్రోగ్రాములన్నీ దీనితో పోతాయి. వాటితో పాటు నకలు తీయని ఫైళ్ళూ పోతాయి. తెలుగు వాడుకరులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటి ఉంది. అను ఖతుల వంటి యూనికోడేతర ఖతులలో టైపు చేసిన పాత పత్రాలు, ఆ ఖతులు లేని కంప్యూటరులో అర్థం కాని గుర్తులుగా కనిపిస్తాయి. అటువంటి పత్రాలు ఉన్నవారు ఖతులను, వాటిని స్థాపించే సాఫ్టువేరును కూడా ముందుగా భద్రపరచుకోవాలి, లేదా పత్రాలను యూనికోడులోకి మార్చుకోవాలి.

పాత ల్యాప్‌టాప్‌ల వినియోగం

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. 2021లో విడుదలైన విండోస్ 11కు కనీసం 4 గిగాబైట్ల ర్యామ్, 64 గిగాబైట్ల డిస్కుతో పాటు టీ.పీ.ఎం. 2.0 అనే భద్రతా సదుపాయం, ఆమోదిత జాబితాలోని ప్రాసెసరు అవసరం. ఈ కారణంగా చక్కగా పనిచేస్తున్న అనేక ల్యాప్‌టాప్‌లు అధికారికంగా దానికి మారలేవు. ఇటువంటి వాటిలో లుబుంటు, లినక్స్ మింట్ ఎక్స్.ఎఫ్.సి.ఈ. వంటి తేలికపాటి లినక్స్ పంపిణీలను ఉచితంగా స్థాపించుకోవచ్చు. వీటిలో యూనికోడు తెలుగును చదవడానికి, వ్రాయడానికి వీలుంది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ గ్ను/లినక్స్ వ్యవస్థను తెలుగులోకి స్థానికీకరించింది. విండోస్ కొరకు మాత్రమే తయారైన ప్రోగ్రాములలో కొన్ని లినక్స్‌లో నడవవు. అందుచేత డిస్కులో స్థాపించే ముందు పెన్‌డ్రైవు నుండి నడిపి, కావలసిన పనులు జరుగుతున్నాయో లేదో చూసుకోవచ్చు.

ఇక ఏ విధంగానూ పనికిరాని ల్యాప్‌టాప్‌ను చెత్తలో వేయరాదు. అందులోని సీసం వంటి లోహాలు, లిథియం బ్యాటరీ హానికరమైనవి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన భారతదేశ ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వీటిని నమోదైన పునశ్శుద్ధి సంస్థలే శుద్ధి చేయాలి. అప్పగించే ముందు డిస్కులోని వ్యక్తిగత సమాచారాన్ని పూర్తిగా చెరపడం, లేదా డిస్కును తీసి తమ వద్దనే ఉంచుకోవడం అవసరం.