పాత ఇల్లు కొంటున్నారా? ముందు వారసుల లెక్క చూడాలి

హైదరాబాద్ పాతబస్తీలో గానీ, కర్నూలు, కడప, నిజామాబాద్ లాంటి పాత ఊళ్లలో గానీ ఇల్లు అమ్మకానికి వచ్చిందంటే చాలాసార్లు వెనుక కథ ఒకటే ఉంటుంది. కట్టించిన పెద్దాయన చనిపోయి ఉంటారు. ఇల్లు ఇంకా ఆయన పేరు మీదే ఉంటుంది. కొడుకుల్లో ఒకరు ఆ ఇంట్లోనే ఉంటారు, ఇంకొకరు జెద్దాలోనో దుబాయ్‌లోనో ఉంటారు, ఆడపిల్లలు అత్తగారిళ్లలో ఉంటారు. ఇంట్లో ఉన్న కొడుకు ధర మాట్లాడతాడు, మధ్యవర్తి తొందరపెడతాడు. కొనేవాళ్లు గోడలు చూస్తారు, నీళ్లు వస్తాయా అని అడుగుతారు, గల్లీలోకి ఆటో వస్తుందా, మసీదు ఎంత దూరం అని చూసుకుంటారు. ఈ ఇంటికి హక్కుదారులు మొత్తం ఎంతమంది అన్నది మాత్రం చివర్లో అడుగుతారు, కొందరైతే అసలు అడగరు.

ఆ ఒక్క ప్రశ్న వదిలేసి బయానా ఇస్తే గల్ఫ్‌లో పదేళ్లు కష్టపడి దాచిన డబ్బు కోర్టు వాయిదాల పాలవుతుంది. ఇలాంటి తగాదా వచ్చినప్పుడు "ఈసీ తీశాం కదా, క్లియర్‌గానే ఉందే" అని కొన్నవాళ్లు తెల్లబోతారు. ఈసీలో రిజిస్టర్ అయిన లావాదేవీలే ఉంటాయి. యజమాని చనిపోవడం రిజిస్ట్రేషన్ ఆఫీసులో నమోదయ్యే లావాదేవీ కాదు. ఆయన వెనుక భార్య, కూతుళ్లు ఎందరున్నారో, వాళ్లకు ఎంత వాటా వచ్చిందో ఈసీ చెప్పదు. నోటరీ ఒప్పందాలు, నోటిమాట హిబా కూడా అందులో కనిపించవు. పైగా ఆన్‌లైన్‌లో దొరికేది 1983 నుంచే. అంతకుముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత రికార్డు వెతికించాలి.

వాటాలు ఎలా వస్తాయి

ముస్లిం పర్సనల్ లాలో పిల్లలకు పుట్టుకతో ఆస్తి హక్కు రాదు. పిత్రార్జితం, స్వార్జితం అనే తేడా కూడా లేదు. తండ్రి బతికి ఉండి, ఇల్లు ఆయనదే అయితే ఆయన ఒక్కరి సంతకంతో అమ్మవచ్చు. ఎందుకైనా మంచిదని పిల్లలతో సాక్షి సంతకాలు పెట్టించుకుంటారు, అది ముందుజాగ్రత్త మాత్రమే.

ఆయన కన్నుమూసిన క్షణం నుంచి లెక్క మారిపోతుంది. దఫన్ ఖర్చులు, అప్పులు, వసీయత్ ఉంటే అదీ పోగా మిగిలిన ఆస్తిలో ప్రతి వారసుడికీ వారసురాలికీ వాటా అప్పటికప్పుడే ఏర్పడుతుంది. పంచుకున్నారా లేదా, మున్సిపాలిటీలో ఇంటి పన్ను ఎవరి పేరుకు మారింది అన్నదాంతో పని లేదు. కట్టని మెహర్ కూడా అప్పుల్లోకే వస్తుంది. ఆ బాకీ కింద భార్య ఇంటిని న్యాయంగా తన స్వాధీనంలో ఉంచుకుని ఉంటే, బాకీ తీరేదాకా ఆమెను కదపడం కుదరదు.

హనఫీ లెక్కలో ఒక ఉదాహరణ చూద్దాం. 160 గజాల ఇల్లు. తండ్రి చనిపోయారు. ఆయన తల్లిదండ్రులు అంతకుముందే పోయారు. భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు ఉన్నారు. పిల్లలున్నారు కాబట్టి భార్యకు ఎనిమిదో వంతు, అంటే 20 గజాలు. మిగిలిన 140 గజాల్లో కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. కొడుకులకు 40 చొప్పున 80, కూతుళ్లకు 20 చొప్పున 60. ఇద్దరు అన్నదమ్ములు మాత్రమే సంతకం చేసి ఇల్లు మొత్తం అమ్మేస్తే కొన్నవాళ్లకు వచ్చేది 80 గజాల హక్కే. డబ్బు కట్టింది మాత్రం 160 గజాలకు. వాటా కొన్న బయటివాళ్లు ఆ కుటుంబం ఉమ్మడిగా కాపురముంటున్న ఇంట్లోకి చొరబడటానికి వీల్లేదని ఆస్తి బదలాయింపు చట్టం 44వ సెక్షన్ చెబుతోంది. అంటే ఆ 80 గజాల కోసం కూడా విభజన దావా వేసుకోవాలి.

ఎవరు ముందు చనిపోయారు, ఎవరు తర్వాత అన్నది ఇంకా ముఖ్యం. పై ఉదాహరణలో ఒక కూతురు తండ్రి తర్వాత చనిపోయిందనుకుందాం. ఆమె 20 గజాలు ఆమె భర్తకు, పిల్లలకు, తల్లికి పోతాయి. కాబట్టి అల్లుడి సంతకం, మనవళ్ల సంతకం కూడా కావాలి. అదే కూతురు తండ్రి కంటే ముందే చనిపోయి ఉంటే, కొడుకులు బతికి ఉన్నారు కాబట్టి ఆమె పిల్లలకు తాత ఆస్తిలో వారసత్వ వాటా రాదు. అందుకే కొనేవాళ్లు ఒక్క తండ్రి మరణ ధ్రువపత్రంతో సరిపెట్టుకోకుండా కుటుంబంలో చనిపోయినవాళ్లందరివీ తీసుకుని, తేదీల వరుసలో పెట్టి చూడాలి. రెండు తరాలుగా పంచుకోని ఇల్లయితే వారసులు పాతిక మందిని దాటడం వింతేమీ కాదు. తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఈ వెతుకులాటకు మంచి ఆధారమే. అయితే ఎవరి వాటా ఎంతో అది తేల్చదు, పేర్లు చెప్పే ఇంటివాళ్లు ఒకరిని వదిలేస్తే ఆ పేరు అందులోనూ ఉండదు. వీధిలో పెద్దవాళ్లను అడిగితే ఒక్కోసారి ఆఫీసు కాగితం కంటే ఎక్కువ తెలుస్తుంది.

"చెల్లెళ్లు వాటా వద్దన్నారు" అన్న మాట ప్రతి బేరంలోనూ వినిపిస్తుంది. పెళ్లిలో ఇచ్చేశాం, వాళ్లకేం కావాలి అంటారు. పెళ్లిలో ఇచ్చినదానితో వారసత్వ వాటా తీరిపోదు. నిజంగానే వదులుకుంటే వాళ్లు రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ రాసివ్వాలి, లేదంటే సేల్ డీడ్‌లో అమ్మేవారిగా సంతకం పెట్టాలి. అన్న ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు కాబట్టి చెల్లి హక్కు పోయిందనుకోవడమూ పొరపాటే. ఉమ్మడి హక్కుదారు స్వాధీనం అందరి తరఫునా ఉన్నట్టే లెక్క. చెల్లి హక్కును బహిరంగంగా కాదని, ఆ సంగతి ఆమెకు తెలిసేలా ఇంటిని అనుభవించినట్టు రుజువు కానిదే అది ఆమె మీద చెల్లదు. కొనేవాళ్లకు ఇక్కడ ఒక తేలికైన పద్ధతి ఉంది. ధర మొత్తం పెద్దన్న చేతిలో పెట్టకుండా ఎవరి వాటా డబ్బు వాళ్ల ఖాతాలోనే వేయాలి, ఆ వివరాలు సేల్ డీడ్‌లో రాయించాలి. చెల్లెమ్మకు ఆమె డబ్బు ఆమె చేతికే అందితే రేపు తగాదా పెట్టడానికి కారణం ఉండదు, న్యాయం కూడా అదే.

మైనర్ వారసులు ఉన్నచోట చాలామంది బోల్తా పడతారు. తండ్రి పోయాక తల్లి సంతకంతో పిల్లల వాటా అమ్మేయవచ్చని అనుకుంటారు. ముస్లిం లా ప్రకారం మైనర్ ఆస్తికి సంరక్షకులు తండ్రి, తండ్రి వసీయత్‌లో నియమించినవారు, తండ్రి తండ్రి, ఆయన నియమించినవారు మాత్రమే. తల్లి, అన్న, మామ పిల్లలను ఎంత ప్రేమగా పెంచుతున్నా వారి స్థిరాస్తిని సొంతంగా అమ్మలేరు. అలా చేసిన అమ్మకం మైనర్ వాటా వరకు చెల్లదని 1918లో ప్రివీ కౌన్సిల్, 1996లో సుప్రీంకోర్టు చెప్పాయి. జిల్లా కోర్టులో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద గార్డియన్‌ను పెట్టించుకుని, అమ్మకానికి అనుమతి తెచ్చుకోవాలి. నెలలు పడుతుంది. ఆగలేనివాళ్లు వేరే ఇల్లు చూసుకోవడం నయం.

హిబా చేశారంటే

"అబ్బా బతికుండగానే ఈ ఇల్లు నాకు హిబా చేశారు" అని ఒక కొడుకు అనవచ్చు. అది నిజమూ కావచ్చు. ముస్లింల హిబా నోటిమాటగానే చెల్లుతుంది. ఇస్తున్నానని ప్రకటించడం, పుచ్చుకున్నానని ఒప్పుకోవడం, ఖబ్జా అప్పగించడం, ఈ మూడూ జరగాలి. కాగితం మీద రాసినంత మాత్రాన తప్పనిసరిగా రిజిస్టర్ చేయాల్సిన పని లేదని 2011లో హఫీజా బీబీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిందే.

అయితే చెల్లడం వేరు, కొనేవాళ్లు దాన్ని నమ్ముకోవడం వేరు. మూడో షరతు దగ్గరే చాలా హిబాలు వీగిపోతాయి. తండ్రి చివరిదాకా అద్దెలు తానే వసూలు చేసుకుంటూ, పన్ను తన పేరునే కడుతూ ఉంటే ఖబ్జా ఇచ్చినట్టు చూపించడం కష్టం. చనిపోయే జబ్బులో, ఆసుపత్రి మంచం మీద చేసిన హిబాకు వసీయత్‌కు ఉండే పరిమితులే వర్తిస్తాయి. మూడో వంతు దాటకూడదు. వారసుడికైతే మిగతా వారసులు ఒప్పుకోవాలి. మెహర్‌కు బదులుగా ఇల్లు ఇచ్చేశానని నోటితో చెబితే అది హిబా కిందికే రాదు. అది అమ్మకం లాంటిది, రిజిస్టర్ కావాల్సిందే. హిబా మీద వచ్చిన ఇల్లు కొనేటప్పుడు మిగతా వారసులు "అవును, హిబా జరిగింది, మాకు అభ్యంతరం లేదు" అని సేల్ డీడ్‌లోనే సంతకం చేస్తే కొనేవాళ్లు నిశ్చింతగా ఉండవచ్చు. వాళ్లు సంతకానికి రామంటే ఆ ఇంట్లో తగాదా ఉందని అర్థం.

నోటరీ కాగితం, వక్ఫ్ స్థలం

పాతబస్తీలో నోటరీ మీద చేతులు మారిన ఇళ్లు వేలల్లో ఉన్నాయి. రూ.100కు మించిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్డ్ పత్రంతోనే జరగాలని 1882 చట్టం చెబుతోంది. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అగ్రిమెంట్లతో యాజమాన్యం మారదని 2011లో సురాజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. నోటరీ ఇళ్లను క్రమబద్ధం చేస్తామని తెలంగాణ ప్రభుత్వం 2023లో జీవో 84 ఇచ్చింది. ఇప్పటికే అలాంటి ఇంట్లో ఉన్నవాళ్లు ఇటువంటి ఉత్తర్వుల మీద ఆశ పెట్టుకోవడంలో తప్పు లేదు. అదే ఆశతో ఇవాళ కొత్తగా నోటరీ ఇల్లు కొనడం మాత్రం జూదమే. ధర తక్కువ ఉండేది అందుకే.

వక్ఫ్ భూమి విషయం క్లుప్తం. అది అమ్ముడుపోయే వస్తువు కాదు. అమ్మినా, దానం చేసినా చెల్లదని 2013 సవరణ స్పష్టం చేసింది. సర్వే నంబరు, ఇంటి నంబరు పట్టుకుని రిజిస్ట్రేషన్ శాఖ 22ఏ నిషేధిత జాబితా, వక్ఫ్ గెజిట్ రెండూ చూడాలి. దర్గా, ఖబ్రస్తాన్, ఆషూర్‌ఖానా పక్కన ఉన్న ఇల్లయితే తప్పకుండా చూడాలి.

గల్ఫ్ నుంచి సంతకం

విదేశంలో ఉన్న వారసుడు రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపుతారు. అది ఇండియాకు చేరిన 3 నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఇచ్చినవాళ్లు చనిపోతే ఆ పవర్ మామూలుగా అక్కడితో ముగిసిపోతుంది. కాబట్టి రిజిస్ట్రేషన్ రోజు ఆ మనిషితో వీడియో కాల్‌లో మాట్లాడటం మంచిది.

పన్ను సంగతి చాలామందికి తెలియదు. ఇంటి ధర రూ.50 లక్షలు గానీ అంతకు మించి గానీ ఉంటే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ కోసి కట్టాలి. అమ్మేవాళ్లు పదిమంది ఉన్నా 2024 అక్టోబరు నుంచి మొత్తం ధరనే లెక్కలోకి తీసుకుంటున్నారు. అమ్మేవారిలో ఎన్నారై ఉంటే ఆ వాటాకు ఈ 1 శాతం గానీ, రూ.50 లక్షల పరిమితి గానీ వర్తించవు. లాభాల పన్ను రేటు ప్రకారం ఎక్కువ కోయాలి. కోయకపోతే శాఖ అడిగేది కొన్నవాళ్లనే. రూ.20,000 గానీ అంతకు మించి గానీ నగదుగా పుచ్చుకుంటే అంతే మొత్తం జరిమానా పడుతుంది. అది పుచ్చుకున్నవారి మీద పడేదే అయినా, నగదుగా ఇచ్చిన డబ్బుకు కొన్నవాళ్ల దగ్గర సాక్ష్యం ఉండదు.

పై అంతస్తు వేసేటప్పుడు

కొనడం ఒక్కటే కాదు, ఉన్న ఇంటిని పెంచుకోవడంలోనూ ఇదే వారసుల లెక్క అడ్డొస్తుంది. రియాద్‌లో ఉన్న పెద్దకొడుకు డబ్బు పంపుతాడు, నాన్న పేరున ఉన్న ఇంటి మీద మొదటి అంతస్తు లేస్తుంది. అందరూ అది భాయ్ పోర్షన్ అనే అంటారు. నాన్న పోయాక చూస్తే ఆ అంతస్తు కూడా ఇంటితోపాటే వాటాల్లోకి వస్తుంది. నేను కట్టించాను అనే కొడుకు బ్యాంకు పాస్‌బుక్కులు పట్టుకుని కోర్టులో రుజువు చేసుకోవాల్సి వస్తుంది.

దీనికి మందు తండ్రి బతికి ఉండగానే ఉంది. అంతస్తు లేచాక దాన్ని కొలతలు, హద్దులతో ఆ కొడుకు పేరున రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ చేసి, ఖబ్జా ఇచ్చేయవచ్చు. కుటుంబంలో ఇచ్చే గిఫ్ట్‌కు అమ్మకం కంటే స్టాంపు డ్యూటీ తక్కువ. ఆడపిల్లలను కూర్చోబెట్టి ఆ మాట వాళ్ల ముందే చెబితే ఇంకా బాగుంటుంది. నిర్మాణ అనుమతి వేరే సంగతి. తెలంగాణలో 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాకా అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. స్థలం అంతకు మించితే ప్లాను పాస్ చేయించాలి, దరఖాస్తుకు యాజమాన్య పత్రం జతచేయాలి. ఇల్లు ఇంకా చనిపోయిన తాతగారి పేరునే ఉంటే ఆ దరఖాస్తు దగ్గర కూడా వారసులందరి సంతకాలు అడుగుతారు.