బడి మూసిన నెలలు: బాగేపల్లి, చింతామణి సీమలో పిల్లల వేసవి

కర్ణాటకలో ఏప్రిల్ రెండో వారాన మొదలై మే చివరి దాకా సాగే బడి సెలవు ఇవాళ ఎండతో పాటు తనంతట తానే వచ్చే ఋతుధర్మంలా కనిపిస్తుంది గాని, చిక్కబళ్ళాపురం జిల్లా పల్లెల చరిత్రలో అది కొత్తగా వచ్చి చేరిన ఏర్పాటే. 2007లో కోలారు జిల్లా నుంచి విడివడిన ఈ జిల్లాలో, ముఖ్యంగా ఆంధ్ర సరిహద్దును ఆనుకొని ఉన్న బాగేపల్లి తాలూకాలోనూ చింతామణి, గుడిబండ తాలూకాల పల్లెల్లోనూ, ఇంటి మాట ఎక్కువగా తెలుగు, బడి మాట కన్నడం. అందువల్ల బడి మూసిన నెలల్లో ఇక్కడి పిల్లలు ఏం చేశారన్న ప్రశ్నకు, బడి చెప్పని వాటిని వాళ్లు ఎక్కడ నేర్చుకున్నారన్న ప్రశ్న కూడా తోడవుతుంది.

ఆంగ్లేయుల పద్ధతి బడులు రాకముందు ఊరి అరుగు మీద అయ్యవారు నడిపిన వీధిబడికి వేసవి సెలవు అనే దీర్ఘ విరామం ఉండేది కాదు. అమావాస్య, పౌర్ణమి, పాడ్యమి, అష్టమి వంటి తిథుల్లో చదువు ఆపడాన్ని అనధ్యయనం అనేవారు. పెద్ద పండుగలకు, అందులోనూ దసరాకు, బడి మూతపడేది, అప్పుడు పిల్లలు అయ్యవారి వెంట ఇంటింటికీ తిరిగి పద్యాలు చదివి కానుకలు పుచ్చుకునేవారు. ఈ సీమకు ఉత్తరాన ఉన్న బళ్ళారి జిల్లాలో 533 బడులను లెక్కించి 1823లో నివేదిక పంపిన కలెక్టరు కాంప్‌బెల్, తెలుగు, కన్నడ వీధిబడుల దినచర్యను తెల్లవారుజామున పిల్లలు బడికి చేరడం మొదలుకొని వివరించాడు. మైసూరు సంస్థానంలో ఉన్న ఈ తాలూకాల బడులూ అదే కుటుంబానికి చెందినవి. మండుటెండల్లో చదువు మానడమనే అలవాటు ఆ తర్వాత కచేరీల, కళాశాలల క్యాలెండరుతో పాటు వచ్చింది.

వచ్చిన ఆ సెలవు మాత్రం ఊరికి అప్పటికే ఉన్న ఒక తీరిక మీద సరిగ్గా వచ్చి పడింది. ఏటా సుమారు 700 మిల్లీమీటర్ల వాన మీద ఆధారపడే ఈ మెట్ట సీమలో రాగి, వేరుశనగ పంటలు సంక్రాంతి లోపల ఇల్లు చేరితే, మళ్లీ మృగశిర కార్తెలో చినుకు పడేదాకా నాగలికి పని ఉండదు. పెన్న, చిత్రావతి, పాపాఘ్ని నదులు ఈ జిల్లా కొండల్లోనే పుట్టినా ఏడాది పొడవునా పారేది ఒక్కటీ లేదు. జాతరలు, పెళ్ళిళ్ళు, చెరువు పూడికతీత, నాటకం కసరత్తు అన్నీ ఉగాదికీ తొలకరికీ మధ్యనే కుదురుకోవడానికి కారణం ఇదే. బడికి వెళ్లని కుర్రాడికీ ఈ కాలమే తీరిక, వెళ్లే కుర్రాడికీ ఇదే సెలవు కావడంతో ఊరి వేసవి ఇద్దరినీ ఒకే చోట కూర్చోబెట్టింది.

ఆ చోటు ఎక్కువగా నాటకం కసరత్తు జరిగే రచ్చకట్టో గుడి మండపమో అయ్యేది. కోలారు సీమలో కేళిక అని పిలిచే పాత వీధినాటక రూపం, అంటే పాట, పద్యం, అడుగు కలిసి రాత్రంతా సాగే పౌరాణిక ప్రదర్శన, ఇరవయ్యో శతాబ్దంలో తెరలు, రంగుల సీనరీ, హార్మోనియం గల పద్యనాటకానికి చాలావరకు చోటిచ్చింది. ఊరివాళ్లు చందాలు వేసుకొని హార్మోనియం మాస్టరును పిలిపించేవారు. ఆయన వారాల తరబడి ఊళ్ళోనే మకాం పెట్టి, ఇంటికొకపూట చొప్పున భోజనం చేస్తూ, రాత్రిళ్లు లాంతరు వెలుగులో కురుక్షేత్రమో రామాంజనేయ యుద్ధమో నేర్పేవాడు. ఏ కుర్రాడి గొంతు ఏ పాత్రకు నప్పుతుందో చూసి పాత్రలు పంచడం, పద్యాన్ని రాగంతో సహా వంటబట్టించడం, శ్వాస ఎక్కడ ఆపాలో చెప్పడం, బరువైన కిరీటం పెట్టుకొని తెల్లవార్లూ నిలబడే ఓపిక అలవాటు చేయడం ఆయన పని. అచ్చు పుస్తకం అందరికీ దొరకని రోజుల్లో ఎవరి భాగాన్ని వారు నోటుపుస్తకంలో ఎక్కించుకునేవారు. కన్నడ బడిలో అక్షరాలు దిద్దిన ఈ కుర్రాళ్లు తెలుగు పద్యాన్ని కన్నడ లిపిలో రాసుకోవడం ఇక్కడి విశేషం.

ఇందులో వింతేమీ లేదు. చింతామణి తాలూకా కైవారంలో గాజుల మలారం మోసి, తర్వాత యోగిగా పూజలందుకొన్న నారేయణ తాతయ్య (సంప్రదాయం ఆయన కాలాన్ని 1726 నుంచి 1836 దాకా చెబుతుంది) తెలుగులో, కన్నడంలో రచించిన కీర్తనలు, కాలజ్ఞానం భజన గోష్ఠుల ద్వారానే ఊరూరా నిలిచాయి. ఆయన తెలుగు రచనలు కన్నడ లిపిలో కూడా అచ్చయి ఈ సీమ చేతుల్లో తిరుగుతున్నాయి. చెక్కభజన, కోలాటం, పండరి భజన నేర్చుకునే కుర్రాళ్లకు అవే పాఠ్యగ్రంథాలు. ఈ శిక్షణలో లోపాలు లేకపోలేదు: కసరత్తులో అమ్మాయిలకు చోటు లేదు, ఆడవేషం కూడా మగపిల్లవాడే కట్టేవాడు, మాస్టరుకు భోజనం పెట్టే ఇళ్ల వరుసలో దళితవాడ ఉండేది కాదు, అందుకే ఆ వాడలు చాలాచోట్ల తమ భజన గుంపును, తమ పలకల బృందాన్ని తామే నిలుపుకున్నాయి. పాత వేసవిని తలచుకొని మురిసిపోయే వ్యాసాలు ఈ సంగతిని దాటవేస్తుంటాయి. అయినా తెలుగు చదవడం ఏ బడీ నేర్పని పిల్లలు వందలకొద్దీ తెలుగు పద్యాలు నోటికి తెచ్చుకొన్నది ఈ రాత్రిళ్లలోనే కాబట్టి, దాన్ని వట్టి వినోదం కింద జమకట్టడం న్యాయం కాదు.

పగటి చదువు నీళ్లలో సాగేది. రాళ్లు పేర్చి కట్టిన దిగుడు బావుల్లోనూ, ఇక్కడ కల్యాణి అనే మెట్ల కోనేళ్లలోనూ, నడుముకు బెండ్లు కట్టుకొని పిల్లలు ఈత నేర్చేవారు. చెరువు అడుగంటితే చేపలు పట్టడం, పూడిక మట్టిని బండ్లకెత్తి చేలకు తోలడంలో పెద్దలకు చేయి కలపడం ఉండేది. మైసూరు ప్రభుత్వం 1911లో చెరువు పంచాయతీల చట్టం తెచ్చి ఈ ఉమ్మడి పనికి శాసన రూపం ఇవ్వజూసింది. లోతైన బోరుబావులు విస్తరించాక భూగర్భజలం వందల అడుగుల కిందికి జారి, దిగుడు బావులు ఒకదాని వెంట ఒకటి ఎండిపోయాయి. జిల్లాలో నీటిని ఊరేదానికన్నా ఎక్కువగా తోడేస్తున్నట్టు భూజల శాఖ గుర్తిస్తూ వచ్చింది, బాగేపల్లి వైపు లోతునుంచి వచ్చే నీటిలో ఫ్లోరైడు పళ్లను గారపట్టించి, ఎముకలను బిగదీసింది. ఈత రాని తరం ఒకటి ఈ సీమలో పెరగడానికి సెల్‌ఫోను కారణం కాదు; అది రాకముందే బావి ఎండింది.

వేసవి విశ్రాంతి అనే భావన ఈ జిల్లాలో మరోచోట, కొండ మీద, పూర్తిగా వేరే అర్థంతో పెరిగింది. సముద్రమట్టానికి దాదాపు 1,478 మీటర్ల ఎత్తున ఉన్న నంది కొండ టిప్పు సుల్తానుకు వేసవి విడిది. 1834 నుంచి 1861 దాకా మైసూరు కమిషనరుగా ఉన్న మార్క్ కబ్బన్ అక్కడ బంగళా కట్టించుకున్నాడు. 1927లో రక్తపోటుతో నీరసించిన గాంధీ ఏప్రిల్ నుంచి జూన్ మొదటి రోజుల దాకా ఆ కొండ మీదే కోలుకున్నాడు, 1936 మే నెలలో మళ్లీ వచ్చాడు. విద్యార్థులు సెలవును పల్లెసేవకు ఇవ్వాలని పదేపదే రాసినవాడు తన వేసవిని ఈ సీమలో గడపడం యాదృచ్ఛికమే అయినా, సెలవు అంటే చల్లని చోట సేద తీరడమన్న దొరల అర్థానికి పక్కనే, సెలవు అంటే ఇతరులకు పని చేయడమన్న అర్థం కూడా ఆ రోజుల్లోనే చదువుకొన్న కుర్రాళ్లకు చేరింది.

ఆ రెండో అర్థానికి సంస్థాగత రూపాలు అప్పటికే పుట్టుకొస్తున్నాయి. భారతదేశంలో స్కౌటు దళం మొదట 1909లో బెంగళూరులోనే ఏర్పడింది. 1917 నాటికి మైసూరు సంస్థానానికి సొంత స్కౌటు సంఘం వచ్చి గుడారాల శిబిరం, కాలినడక, ప్రథమ చికిత్స అనేవి బడిపిల్లల సెలవుల్లోకి ప్రవేశించాయి. కోస్తాంధ్రలో ఎన్.జి. రంగా నిడుబ్రోలులో రైతు యువకులకు తరగతులు నడపడం, 1937లో కొత్తపట్నంలో వేసవి రాజకీయ పాఠశాల తెరిస్తే ప్రభుత్వం దాన్ని నిషేధించడం 1930ల ముచ్చట్లే. మైసూరు సీమలో అటువంటి పాఠశాల లేకున్నా జాతరే ఆ పని చేసింది: గౌరిబిదనూరు దగ్గర విదురాశ్వత్థంలో 1938 ఏప్రిల్ 25న, జాతర జనం మధ్య జెండా ఎగరేసే సత్యాగ్రహానికి చేరిన వారిపై పోలీసులు కాల్పులు జరిపారు, చనిపోయినవారి సంఖ్య విషయంలో ప్రభుత్వ లెక్కకూ కాంగ్రెసు లెక్కకూ పొత్తు కుదరలేదు.

అదే గౌరిబిదనూరు తాలూకా హొసూరులో 1920లో పేద తెలుగు కుటుంబాన పుట్టిన హెచ్. నరసింహయ్య, బస్సుకు డబ్బులేక బెంగళూరు దాకా నడిచి వెళ్లి నేషనల్ హైస్కూలులో చేరాడు. 1936లో గాంధీ ఆ బడికి వచ్చినప్పుడు ఆయన హిందీ ప్రసంగాన్ని కన్నడంలో చెప్పింది ఈ విద్యార్థే. తర్వాత భౌతికశాస్త్ర ఆచార్యుడై, బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యాక కూడా తాను పుట్టిన సీమను ఆయన మరచిపోలేదు. ఆయన సారథ్యం వహించిన నేషనల్ ఎడ్యుకేషన్ సొసైటీ గౌరిబిదనూరులో, బాగేపల్లిలో కళాశాలలు నడిపింది. గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో మొదలైన జాతీయ సేవా పథకం సెలవుల్లో పల్లెలో మకాం వేసి పనిచేసే శిబిరాన్ని కళాశాల జీవితంలో భాగం చేసింది. 1973లో దాని నినాదం కరువుపై యువత. కరువు పుస్తకాల్లో చదవాల్సిన అవసరం లేని సీమలో ఈ నినాదం ఎవరికి ఎవరు సేవ చేస్తున్నారన్న ఇబ్బందికరమైన ప్రశ్నను కూడా లేపి ఉంటుంది.

ఎందుకంటే కూలి ఇంటి పిల్లవాడికి సెలవు అంటే తీరిక కాదు. శిడ్లఘట్ట పట్టుగూళ్ల సంత చుట్టూ అల్లుకొన్న ఊళ్లలో మల్బరీ ఆకు కోయడం, పురుగు పండే వేళకు గూడు కట్టే చంద్రికల (వెదురు తట్టల) మీదికి ఎక్కించడం ఇంటిల్లిపాది పని. మామిడి, చింతపండు, టమాటా కాలాలు కూడా ఏప్రిల్, మే నెలల మీదుగానే పోతాయి. 1977 చివర బాగేపల్లిలో పని మొదలుపెట్టి చిక్కబళ్ళాపురం, చింతామణి, గుడిబండ, శిడ్లఘట్ట తాలూకాలకు విస్తరించిన అడాట్స్ సంస్థ, వ్యవసాయ కూలీలు ఊరూరా కట్టుకొన్న కూలీ సంఘాలకు అండగా నిలిచి, పిల్లలను బడిలో నిలబెట్టడాన్ని తన ముఖ్యమైన పనుల్లో ఒకటిగా పెట్టుకుంది. సెలవు తర్వాత బడికి తిరిగి రాని పిల్లవాడు ఇటువంటి సంఘాలకు ఎప్పుడూ ఉండే బెంగ. ఇక బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టడాన్ని నిషేధిస్తూనే, ప్రమాదం లేని కుటుంబ వృత్తిలో బడి వేళల తర్వాతా సెలవుల్లోనూ సాయపడడానికి అనుమతించింది. అలా సెలవు అనే మాట ఒక మినహాయింపుగా ఆ చట్టంలోకి ఎక్కింది. తండ్రి పక్కన మగ్గం నేర్చుకోవడానికీ తండ్రి అప్పు తీర్చడానికీ మధ్య గీత ఎక్కడో ఆ మినహాయింపు చెప్పదు.

ఆరోగ్యం మాటకొస్తే, వేసవిలో పిల్లలకు అందిన అతిపెద్ద మేలు ఆటస్థలంలో కాక వంటగదిలో జరిగిందని చెప్పడం అతిశయోక్తి కాదు. ఆహార హక్కు వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2001 నవంబరులో బడిలో వండిన భోజనం పెట్టాలని ఆదేశించాక, కర్ణాటక 2002లో అక్షర దాసోహ పేరుతో దాన్ని ఉత్తర జిల్లాల్లో మొదలుపెట్టి మరుసటి ఏడాది మిగతా రాష్ట్రానికి విస్తరించింది. 2004 ఏప్రిల్ 20న అదే న్యాయస్థానం కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లో కూడా భోజనం ఆపరాదని చెప్పింది. బడి భోజనం ఇంటి తిండికి అదనం కాదని, చాలామందికి అదే రోజులోని నిండు భోజనమని, కాబట్టి బడి మూయడమంటే కంచం మూయడమని ఆ ఆదేశం గుర్తించినట్టే. తరచూ కరువు జాబితాకు ఎక్కే ఈ జిల్లా తాలూకాలకు దాని విలువ తెలుసు. 2023 వానకాలం దెబ్బతిని రాష్ట్రంలో 223 తాలూకాలను కరువు తాలూకాలుగా ప్రకటించాక, 2024 వేసవిలో వాటిలోని బడుల్లో మధ్యాహ్నం పొయ్యి వెలిగించాలని ప్రభుత్వం నిర్ణయించింది.

ఇటీవలి శిబిరాలు ఈ పొరలన్నిటి మీద నిలబడ్డాయి. బి.వి. కారంత్ చేతుల మీదుగా రూపుదిద్దుకొన్న మైసూరు రంగాయణం నడిపే చిణ్ణర మేళ, అంటే పిల్లల నాటక శిబిరం, వేసవి శిబిరానికి కన్నడనాట ఒక నమూనా అయింది. బాలభవనాలు ఆట, బొమ్మ, పాట నేర్పాయి. 2020లో ఓదువ బెళకు పేరుతో మొదలైన కార్యక్రమం గ్రామపంచాయతీ గ్రంథాలయాల తలుపులు బడిపిల్లలకు తెరిచి, సభ్యత్వం ఉచితం చేసింది. నంది కొండ పాదాల చుట్టూ బెంగళూరు పిల్లలకు రుసుము తీసుకొని కొండలెక్కించే శిబిరాలూ వెలిశాయి. పంచాయతీ గ్రంథాలయంలో బాగేపల్లి పిల్లలు చదివే కథలు కన్నడంలోనివి, వాటి గురించి తమలో తాము మాట్లాడుకునేది తెలుగులో. తెలుగు పద్యం కావలసినవాడు మాత్రం ఇప్పటికీ చీకటిపడ్డాక హార్మోనియం మాస్టరు దగ్గరికే పోవాలి, ఆయన్ను పిలిపించే ఖర్చు ఏ పంచాయతీ పద్దులోనూ కాక ఊరి చందాలోనే పడుతున్నది.